పిలవని చుట్టాలు, పానకం బిందె

అనగనగా కాలవ గట్టున ఒక ఊళ్ళో వీరవేణి అని ఒక అమ్మ ఉండేది. కాళ్ళు చాపుకుని పడుకో, చెబుతాను. ఆవిడ కూతురు సుభాషిణికి పెళ్ళి కుదిరింది. పెళ్ళంటే శుభలేఖ అందినవాళ్ళే వస్తారనుకున్నావా? పిలవకుండానే ముగ్గురు అన్నదమ్ములు బయల్దేరారు. కంటికి కనపడరు. ఆవగింజని పిండి చేస్తే ఆ నలుసు మీద కూడా కాపురం పెట్టేస్తారు.

పెద్దవాడు బాక్టీరియా, నీళ్ళలో ఈదుకుంటూ వచ్చాడు. నడిపివాడు వైరస్, దగ్గు మీదెక్కి వచ్చాడు. చిన్నవాడు ఫంగస్, తడిబట్టలో ముడుచుకుని కూర్చున్నాడు. ఒక్కొక్కడికీ బోలెడు వేషాలున్నాయి కానీ, ఆ పెళ్ళికి వేసుకొచ్చినవి ఇవీ.

వీరవేణికి వాళ్ళ సంగతి బాగా తెలుసు. ఆవిడ చిన్నప్పుడు ఒక వానాకాలంలో వాళ్ళమ్మనీ తమ్ముణ్ణీ ఆ పెద్దవాడే కలరా వేషంలో వచ్చి ఎత్తుకుపోయాడు. అప్పట్నుంచీ కాచని నీళ్ళు ఎవరినీ తాగనిచ్చేది కాదు. "నా కూతురి పెళ్ళికి వచ్చినవాళ్ళందరూ వచ్చినట్టే నవ్వుతూ వెళ్ళాలి" అనుకుంది.

మొదట చిన్నవాడి పని పట్టింది. పెళ్ళివారు కాళ్ళు కడుక్కోగానే అందరికీ ఒకటే తుండు అందించడం ఆ ఊరి అలవాటు. వాడికి కావలసిందీ అదే! ఒకరి నుంచి ఒకరికి తామర అంటించుకుంటూ పోవచ్చు. వీరవేణి ఎర్రటి ఎండలో ఆరేసిన తుండు మనిషికొకటి ఇచ్చింది. వాడికి నిలవ నీడ లేకుండా పోయింది.

ఆ తర్వాత నడిపివాడు. వీరవేణి చెల్లెలి కూతురికి ఒళ్ళు కాలిపోతోంది, మొహం నిండా తట్టు. అయినా పట్టులంగా కట్టి తీసుకొస్తానంది తల్లి.

"వద్దే. తట్టు దగ్గుతోనే పాకుతుంది. పందిట్లో ఎందరు చంటిపిల్లలున్నారో చూశావా? దాన్ని డాక్టరుకి చూపించి ఇంట్లోనే ఉంచు. మీకు కావలసినవన్నీ నేను పంపిస్తా" అంది వీరవేణి. చెల్లెలు మూతి ముడుచుకుంది. అరిసెల పళ్ళెం వెళ్ళాక విప్పింది.

ఇక పెద్దవాడు. వాడు గట్టివాడమ్మా!

మగపెళ్ళివారు విడిదింట్లో దిగగానే బిందెలతో పానకం పంపాలి. అది ఆలస్యమైతే ఎంత తగువో! వంటవాళ్ళు కాలవ నీళ్ళు తెచ్చి, పచ్చినీళ్ళలోనే బెల్లం కలిపేశారు. వీరవేణి చూసింది. బిందెలన్నీ పెరట్లో గుమ్మరించేసింది.

"నీళ్ళు కాచి, చల్లార్చి, మళ్ళీ కలపండి" అంది. అప్పుడు పెద్దవాడు కుతకుతా ఉడికిపోయాడు.

కానీ చల్లారొద్దూ? అంతలోకే పెళ్ళికొడుకు మేనత్త బుల్లెమ్మ విడిదింటి అరుగెక్కి కేకలు మొదలెట్టింది. "ఇంతవరకూ పానకం చుక్క లేదు! పొద్దు గూకేలోగా రాకపోతే బళ్ళు కట్టించేస్తాను!"

సుభాషిణి ఏడుపు మొహంతో పరిగెత్తుకొచ్చింది. "పచ్చినీళ్ళతోనే పంపించెయ్యమ్మా! నా పెళ్ళి ఆగిపోతుందే!"

వీరవేణి పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. "పెళ్ళి ఆగితే ఇంకో ముహూర్తం పెట్టుకుందాం తల్లీ. పోయిన మా అమ్మ మళ్ళీ వచ్చిందా?" అంది.

పొద్దు గూకుతుండగా బిందె తనే చంకనెత్తుకుని వెళ్ళింది. అందరూ గటగటా తాగారు. బళ్ళు కట్టమంటే ఎవరూ లేవలేదు. బుల్లెమ్మకి ఉక్రోషం వచ్చింది. "మీ పానకం నాకక్కర్లేదు" అని కాలవలోకి దిగి, దోసిళ్ళతో కడుపునిండా తాగింది. కాలవలో ఇంకా ఈదుతున్న పెద్దవాడు ఆ దోసిట్లోనే ఉన్నాడు.

తెల్లారేసరికి బుల్లెమ్మకి ఒకటే వాంతులు, విరేచనాలు. కళ్ళు గుంటలు పడ్డాయి. నాలుక పిడచకట్టుకుపోయింది. ఊరంతా "తగిన శాస్తి" అంది కానీ, వీరవేణి అనలేదు. డాక్టరు కోసం మనిషిని పరిగెత్తించింది. "నీకు జడ మీ అత్త వేస్తుందిలే" అని సుభాషిణితో చెప్పి, తను బుల్లెమ్మ మంచం పక్కన కూర్చుంది.

కాచిన నీళ్ళలో కొంచెం బెల్లం, చిటికెడు ఉప్పు కలిపి చెంచాతో పట్టించింది. కక్కేస్తే కాసేపాగి మళ్ళీ పట్టించింది. శుభ్రం చేసినప్పుడల్లా సబ్బుతో చేతులు తోముకుంది. "తాగండి వదినగారూ, ఇంకొక్క చెంచా" అని బతిమాలింది.

అప్పుడు డాక్టరు వచ్చి మందిచ్చాడు. "ఒంట్లో నీళ్ళు ఆరిపోకుండా పట్టించారు కాబట్టి మనిషి దక్కింది" అన్నాడు. బుల్లెమ్మ వీరవేణి చెయ్యి గట్టిగా పట్టుకుని ఏడ్చేసింది.

ఆ సాయంత్రం ముహూర్తం ఆగలేదు. బుల్లెమ్మ మంచం మీద నుంచే కిటికీలోంచి అక్షింతలు విసిరింది. సగం పురోహితుడి నెత్తిన పడ్డాయి.

ఆ తర్వాత ఏడాది తిరిగింది. బుల్లెమ్మ ఇంకో ఊళ్ళో ఇంకో పెళ్ళికి వెళ్ళింది. విడిదింట్లో అలా దిగారో లేదో, ఇలా పానకం వచ్చేసింది. బుల్లెమ్మ అరుగెక్కి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇంత తొందరగా తెచ్చారంటే నీళ్ళు కాచలేదన్నమాట! కాచి, చల్లార్చి, ఆలస్యంగా తీసుకురండి. లేకపోతే బళ్ళు కట్టించేస్తాను!"

కాచిన నీళ్ళు కడవలోకి,
కడిగిన చెయ్యి కంచంలోకి,
కథ వెళ్ళింది కంచిలోకి,
బుజ్జిముండ నా పక్కలోకి!