గుడ్లు పొదిగిన మల్లప్ప

జామతోట వెనకాల దొడ్లో వీరన్న అనే పుంజు, చుక్కమ్మ అనే పెట్ట, మల్లప్ప అనే ఈమూ పక్షి ఉండేవాళ్లు. ఈమూల్లో గుడ్లు పెట్టేది ఆడది, పొదిగేది మగది. మల్లప్ప నెలన్నరగా గూట్లోంచి కదల్లేదు. అతని పెళ్లాం పొలాల వెంట తిరుగుతోంది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఒకనాడు కంచె అవతలి నుంచి నక్క పలకరించింది.

"వీరన్న బావా, మగాడు గుడ్ల మీద కూర్చోవడమేమిటి? పక్క ఊళ్లో నీ దొడ్డిని చూసి నవ్వుకుంటున్నారు."

వీరన్నకు తల కొట్టేసినట్టయింది. "ఏం చెయ్యమంటావు బావా?"

"కట్టుబాటు పెట్టు. అరవడం, తన్నడం మగపని. పొదగడం, నోరు మూసుకోవడం ఆడపని. మల్లప్ప పొదుగుతున్నాడు కాబట్టి ఇకనుంచి మల్లమ్మ."

వీరన్న చెత్తకుప్పెక్కి చాటింపు వేశాడు.

"ఏ పేరైనా పెట్టుకోండి, గుడ్లు చల్లారకపోతే చాలు" అన్నాడు మల్లప్ప.

చుక్కమ్మ ఊరుకోలేదు. "నేను పెట్టగా పుట్టాను, సరే. నోరు మూసుకుని పుట్టానా?"

"అది అనాదిగా వస్తున్న ఆచారం."

"ఇందాకటి నుంచేగా."

మర్నాడు మిట్టమధ్యాహ్నం నక్క కంచె దూరింది. చుక్కమ్మ అరవబోయి ఆగి, దుమ్ములో కునుకు తీస్తున్న వీరన్నను ముక్కుతో పొడిచింది.

"నక్క వచ్చింది. అరువు. నీ పనే కదా."

వీరన్న నక్కను చూశాడు. గబుక్కున బుట్టకింద దూరాడు.

"అయితే నేనే అరుస్తా" అని చుక్కమ్మ దొడ్డి దద్దరిల్లేలా అరిచింది.

నక్క తొణకలేదు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి. నేరుగా గూటి దగ్గరికెళ్లి, "మల్లమ్మా, కాస్త జరుగు తల్లీ. రెండు గుడ్లు తీసుకుంటా. ఆడవాళ్లు తన్నకూడదు, గుర్తుందిగా?" అంది.

మల్లప్ప నింపాదిగా లేచి ఒక్క తన్ను తన్నాడు. నక్క కంచె మీదుగా ఎగిరి పేడగుంటలో పడింది.

"అన్యాయం" అంది పేడ ఊస్తూ. "నువ్వు మల్లమ్మవి."

"నిజమే. ఆ సంగతి కాలికి ఇంకా ఎవరూ చెప్పలేదు."

నక్క కుంటుకుంటూ పోయింది. బుట్టకింది నుంచి వీరన్న తల బయటపెట్టాడు.

"గుడ్లు చల్లారిపోతాయేమో. నువ్వు కాళ్లు సాగదీసుకుని రా, కాసేపు నేను కూర్చుంటా."

గుమ్మడికాయల్లాంటి ఆ ఆకుపచ్చ గుడ్ల మీద, కాళ్లు నేలకు అందక వేలాడుతుంటే, వీరన్న సాయంత్రం దాకా కదలకుండా కూర్చున్నాడు.

నీతి: ఆడో మగో పుట్టుక చెబుతుంది, ఎవరి పనేమిటో ఊరు చెబుతుంది, ఊరికి ఎవరు చెప్పారో కనుక్కోవడం మంచిది.