దవడ ఆగిన చోటు

ఏటిగట్టు మీద ఒక పశువుల పాక. అందులో ఉండే చుక్కమ్మ అనే కోడిపెట్టకి ఈసారి పొదిగిన వాటిలో మిగిలింది ఒక్కటే పిల్ల. తక్కినవన్నీ గద్దల పాలయ్యాయి. ఆ ఒక్కదాన్నీ కళ్ళలో పెట్టుకుని కాచుకుంటోంది పాపం. అలాంటిది, మధ్యాహ్నం కాసేపు మట్టిలో పొర్లి లేచేసరికి పిల్ల లేదు.

పాకంతా వెతికి వెతికి, చివరికి పాకలో కుక్క ఎదుటికి వెళ్ళి నిలబడింది.

"నా పిల్లేదిరా బుడ్డన్నా?"

బుడ్డన్నకి ఒళ్ళంతా వణుకు పుట్టింది. తోక కాళ్ళ మధ్యకి పోయింది. నోట్లోంచి చొంగ కారుతోంది. "నాకు తెలీదక్కా" అన్న మాట సగం గొంతులోనే ఉండిపోయింది.

"గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నాడట! వీడే మింగాడు. వీణ్ణి ఇప్పుడే తరిమెయ్యాలి," అని చుక్కమ్మ భోరుమంది.

గడ్డాలు అనే మేకపోతు తాపీగా ముందుకొచ్చాడు. "నేనూ అదే అనుకుంటున్నా వదినా. నీ పిల్ల నా కంటపడితే ఒట్టు." కన్ను దించలేదు, గొంతు వణకలేదు. వాడి నిబ్బరం చూసి చుక్కమ్మకి వాడి మాటే నిజమనిపించింది.

మూలన పడుకుని ఇదంతా చూస్తోంది సుడమ్మ, నుదుటి మీద సుడి ఉన్న ముసలి గేదె. "తొందరపడకే చుక్కీ. బుడ్డిగాడు పోయినేడు చెయ్యని తప్పుకి కర్రదెబ్బలు తిన్నాడు. ఎవరు గద్దించినా వణుకుతాడు. భుజాలు తడుముకున్న ప్రతివాడూ దొంగ కాడు. అందరూ కూర్చోండి, నెమరేసుకుంటూ మాట్లాడుకుందాం."

చుక్కమ్మకి ఒళ్ళు మండింది. పిల్ల పోయి తానేడుస్తుంటే ఈవిడకి నెమరు కావలసొచ్చిందా? అయినా వయసులో పెద్దది, ఎదురు చెప్పలేక పక్కనే కూలబడింది.

గడ్డాలు కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. దవడ అటూ ఇటూ ఆడుతోంది. సుడమ్మ చూపు ఆ దవడ మీదే ఉంది.

"పిల్ల గడ్డివాములో దూరిందంటావా అబ్బాయ్?"

"ఏమో అత్తా." దవడ ఆడుతోంది.

"నీళ్ళతొట్టిలో పడిందేమో?"

"పడుండొచ్చు." ఆడుతూనే ఉంది.

"విరిగిన బండి వెనక గంప బోర్లించి ఉంది. దాని కిందేమో?"

దవడ ఆగింది.

"అక్కడెందుకుంటుంది?" అన్నాడు గడ్డాలు. గొంతులో తేడా లేదు. నోట్లో ముద్ద మాత్రం నోట్లోనే ఉండిపోయింది.

"పోనీ, పేడదిబ్బ దగ్గరేమో," అంది సుడమ్మ. దవడ మళ్ళీ కదిలింది. "ఎందుకైనా మంచిది, గంప కూడా లేపి చూస్తే పోలా?" మళ్ళీ ఆగింది.

అవే మాటలు బుడ్డన్ననీ అడిగింది. వాడు గడ్డివాముకీ వణికాడు, తొట్టికీ వణికాడు, గంపకీ అంతే వణికాడు.

చుక్కమ్మకి అప్పుడు వెలిగింది. గుండె బెదిరితే నెమరు ఆగుతుందని ఈ పాకలో పుట్టిన ప్రతిదానికీ తెలుసు. దాన్ని పట్టుకుని దొంగ దాచిన చోటికి దారి వెతకొచ్చని ఎవరికైనా తోచిందా? నీ బుర్రకి దణ్ణం తల్లీ అనుకుంటూ బండి వైపు పరుగు తీసింది.

బుడ్డన్న మూతితో గంప లేపాడు. చీకట్లో కునుకు తీస్తున్న పిల్ల, వెలుతురు తగలగానే కిచకిచమంటూ తల్లి రెక్కల్లో దూరింది. "నోటికొచ్చినట్టు అన్నాను, ఏమీ అనుకోకు తమ్ముడూ," అంది చుక్కమ్మ కళ్ళనీళ్ళతో.

గడ్డాలు తల వేలాడేశాడు. "చిక్కుడు పాదుకి కంచెలో సందు చూపిస్తానని నక్క ఆశపెట్టింది అత్తా. నూకలు చూపించి పిల్లని గంప కింద పెట్టమంది, మసకపడ్డాక వచ్చి పట్టుకుపోతానంది. కన్ను దించొద్దు, గొంతు వణకనివ్వొద్దు అని దగ్గర కూర్చుని నేర్పింది. అన్నీ అది చెప్పినట్టే చేశానే!"

"మేకపోతు గాంభీర్యం బాగానే నేర్పింది," అంది సుడమ్మ. "నక్కకి నెమరుందట్రా? నీ దవడ సంగతి దానికేం తెలుసు?"

మసకపడ్డాక నక్క పెదాలు నాక్కుంటూ వచ్చి గంప ఎత్తింది. కింద బుడ్డన్న కూర్చుని ఉన్నాడు. ఆ తర్వాత ఏటి అవతల దాకా వినిపించిన కేక నక్కదే. మళ్ళీ అది ఆ గట్టు ఎక్కలేదు.

నాలుకకి అబద్ధం నేర్పొచ్చు గానీ, ఒంటికి నేర్పడం ఎవరి తరమూ కాదు.