రాజుగారి పేరున్న కత్తి

ఏ కాలమో నన్నడగకండి, కొండమేడు అనే రాజ్యం ఒకటుండేది. దాన్ని రణధీర భూపతి అనే రాజు ఏలేవాడు. ఆయన పుట్టి బుద్ధెరిగాక ఒక్క యుద్ధమూ చెయ్యలేదు. పేరులోనే రణం ఉందిగనుక దాంతో సరిపెట్టుకున్నాడు. ఆ పేరు మాత్రం ఎక్కడపడితే అక్కడ కనబడాలి. కోట గుమ్మం మీద, గుర్రపు జీను మీద, తాగే చెంబు మీద, ఆఖరికి తలకింద దిండు మీద కూడా ఆ అక్షరాలుండేవి.

ఆ కోట వంటశాలలో మాచమ్మ అనే ముసలావిడ నలభై ఏళ్లుగా వండుతోంది. ఆమెకు తోడు చెల్లెలు గంగమ్మ. ఇద్దరికీ భర్తలు పోయారు, పిల్లల్లేరు. ఆ పొయ్యిలే వాళ్ల సంసారం.

మాచమ్మ దగ్గర మూడు కత్తులుండేవి. కందలాంటి గట్టి దుంపలకు వెడల్పాటిది ఒకటి, రోజువారీ కూరలకు జానెడుది ఒకటి, తొక్క తీయడానికి వేలెడంత చాకు ఒకటి. మూడూ ఊరి కమ్మరి కొట్టిచ్చినవే. చింతకర్ర పిడి. ఆమె పిడికిలి కొలత చూసి మరీ చెక్కాడు. రోజూ పొయ్యి రాజెయ్యకముందే సానరాయి మీద నాలుగు చుక్కల నీళ్లు పోసి వాటిని నూరేది. పని కాగానే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, గోడకు తగిలించేది. నిమ్మకాయ కోసిన కత్తిని తుడవకుండా వదిలేసిందంటే, ఆ పూట ఆమెకు జ్వరం వచ్చినట్టే లెక్క.

రాజు పట్టాభిషేకం జరిగి పన్నెండేళ్లయింది. ఆ పండుగకు మహామంత్రి గుణార్ణవుడు కొత్త ఆలోచన చేశాడు.

"ప్రభూ, మీరు తినే ప్రతి ముక్కా మీ పేరు తాకి రావాలి. వంటశాలకు కొత్త కత్తులు చేయిస్తాను" అన్నాడు.

చేయించాడు. దంతపు పిడి, పిడి నిండా కెంపులు. వెండిపూత పూసిన మెత్తని ఇనుప రేకు. దాని అంచు పొడవునా రాజుగారి పేరు, బిరుదులు. పాత ఇనుప కత్తులన్నీ కొలిమిలో వేసి కరిగించి, రాజుగారి విగ్రహం ఎక్కిన గుర్రానికి డెక్కలు పోయించాడు. మాచమ్మ మూడు కత్తులూ ఆ డెక్కల్లోనే కలిసిపోయాయి.

పైగా ఒక శాసనం. కత్తిని రాయి మీద నూరితే అంచునున్న రాజుగారి పేరు అరుగుతుంది. పేరు అరగదీసిన వాడు రాజద్రోహి. వాడి చెయ్యి తీసెయ్యాలి.

కొత్త కత్తులు పదిహేను రోజులు బాగానే కోశాయి. ఆ తర్వాత వంకాయ మీద పెడితే నలగడమే గాని తెగడం లేదు. వంటవాళ్లు ఒళ్లు వంచి, బలం పెట్టి కోసేవాళ్లు. తడిచేతిలో కెంపుల పిడి నిలిచేది కాదు, తిరిగిపోయేది. ఒక్కొక్కరి చేతికీ గుడ్డపీలికలు కనబడసాగాయి.

ఒకరోజు గంగమ్మ పప్పులోకి దోసకాయ కోస్తోంది. బాగా పండి, తోలు నున్నగా ఉన్న కాయ. కత్తి పెట్టి రెండుసార్లు నొక్కింది. దిగలేదు. మూడోసారి బరువంతా మోపింది. కత్తి కాయ మీద జారింది. ఎడమచేతి చూపుడువేలు మొదటి కణుపు దాకా తెగి పీట మీద పడింది.

మాచమ్మ పసుపు అద్ది, తన చీరకొంగు చింపి కట్టింది. గంగమ్మ ఏడవలేదు. తెగిపడిన ముక్క వంకే చూస్తూ, "అక్కా, పప్పు మాడుతోంది చూడు" అంది.

ఆ పూట రాజుగారి భోజనం ఆలస్యమైంది. ఆయన కారణం అడిగాడు.

"వంటమనిషి అజాగ్రత్త, ప్రభూ" అన్నాడు మంత్రి. ఆ సంగతి అంతటితో సరి.

మూడో రోజు పొద్దున్నే మాచమ్మ వంటశాల ముందు వాకిట్లో కూర్చుంది. అందరూ చూస్తుండగానే సానరాయి ముందు పెట్టుకుని రాజుగారి కత్తిని నూరింది. పూత పోయింది, లోపలి ఇనుము తేలింది, పదును వచ్చింది. బిరుదుల అక్షరాలు సగానికి అరిగాయి. మధ్యాహ్నానికల్లా ఆమెను చెరలో పెట్టారు.

కొలువులో తిప్పన అని ఒకడుండేవాడు. రాజును నవ్వించడం అతని ఉద్యోగం. చిన్నప్పుడే తల్లి పోతే మాచమ్మ చేతి ముద్దలు తిని పెరిగినవాడు. సంగతి తెలిసి చెర దగ్గరికి పరుగెత్తాడు.

"శాసనం సంగతి తెలిసీ రాయి ఎందుకు పట్టావు అవ్వా?"

"ఇంకెవరి వేలు తెగిపడేదాకా ఆగమంటావు?" అంది మాచమ్మ.

తిప్పన ఊచలు వదిలి వెనక్కి తిరిగాడు.

మర్నాడు నిండుకొలువులో విచారణ. ఒక పక్క తలారి నిలబడ్డాడు. మంత్రి అరిగిన కత్తిని పట్టుబట్టలో పెట్టి రాజుకు చూపించాడు. సగం పోయిన తన బిరుదులు చూసి రాజుగారి మీసం అదిరింది.

"ఏమే ముసలీ, నా పేరంటే నీకంత అలుసా?"

"పేరు మీద నాకేం కోపం లేదు ప్రభూ. అది కూర్చున్న చోటు పదును ఉండాల్సిన చోటు" అంది మాచమ్మ.

"పదును లేకపోతే మీకే మంచిది గదా! మొండి కత్తి చెయ్యి కొయ్యదు."

"పదునున్న కత్తి పెట్టినచోటే తెగుతుంది ప్రభూ. బలం అక్కర్లేదు. వేళ్లు లోపలికి ముడుచుకుని కూర్చుంటే కళ్లు మూసుకుని కూడా కొయ్యొచ్చు. మొండి దానికి బలం పెట్టాలి. బలం పెడితే కాయ మీద జారి, పక్కన దొరికినదాన్ని కోస్తుంది. పక్కన దొరికేది మా చెయ్యే."

మంత్రి అడ్డుపడ్డాడు. "అబద్ధం ప్రభూ! తమరి పేరున్న కత్తి తెగకపోవడమేమిటి? లోపం కత్తిలో లేదు. పట్టిన చేతిలో రాజభక్తి లేదు."

అప్పుడు తిప్పన లేచాడు.

"మంత్రిగారన్నది నూటికి నూరుపాళ్లు నిజం ప్రభూ. భక్తి ఉన్న చేతికి ఈ కత్తి తెగి తీరాలి. మంత్రిగారి భక్తి ముందు మనమెంత? వారొక్క దోసకాయ కోసి చూపిస్తే ముసలిదాని నోరు మూతబడుతుంది. ఆ తర్వాత చెయ్యి తీసినా లోకం తప్పుపట్టదు."

రాజుకు ఆ మాట నచ్చింది. వంటశాల నుంచి నూరని కొత్త కత్తి ఒకటి, పండు దోసకాయ ఒకటి తెప్పించారు. మంత్రి ఆ కాయ వంక చూశాడు. వంటశాలలో కట్లు కట్టుకున్న చేతులు ఆయనకు తెలియనివి కావు.

"నా కుడిభుజం మూడురోజులుగా పట్టేసింది ప్రభూ" అన్నాడు మెల్లగా.

"అయ్యో పాపం! మరి మంత్రిగారికన్నా ఆ పేరు మీద భక్తి ఎవరికుంటుంది?" అంటూ తిప్పన సభంతా కలయజూసి, రాజు దగ్గర చూపు ఆపాడు. "ఆ పేరు కలవారికే ఉండాలి."

"ఇటు తే!" అన్నాడు రాజు.

తెగదని తిప్పనకు తెలుసు. రాజు రెండుసార్లు ప్రయత్నించి, విసుగొచ్చి వదిలేస్తాడనుకున్నాడు. రణధీర భూపతికి వదలడం చేతకాదు. ఒకసారి నొక్కాడు. కాయ దొర్లింది. ఎడమచేత్తో అదిమిపట్టి మళ్లీ నొక్కాడు. సభలో ఎవరో దగ్గారు. ఆయన సింహాసనం దిగి, మోకాలి మీద కూర్చుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టాడు.

కత్తి జారింది. రాజుగారి బొటనవేలి నుంచి నెత్తురు చివ్వున చిమ్మి ఆయన పేరు మీదే పడింది.

ఇప్పుడు పోయేది మాచమ్మ చెయ్యి ఒక్కటే కాదని తిప్పనకు అర్థమైంది.

"తిప్పనా!" అన్నాడు రాజు పళ్లు బిగించి. "ఈ తప్పు ఎవరిది?"

తిప్పన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"చాలా జాగ్రత్తగా విచారించాలి ప్రభూ. తప్పు చేతిదా? కాదు, అది రాజ్యమేలే చెయ్యి. కత్తిదా? కాదు, దాని మీద తమరి పేరుంది. భక్తి లోపమా? తమ మీద తమకున్న భక్తిని శంకించే ధైర్యం మంత్రిగారికైనా లేదు. ఇక మిగిలింది ఒక్కటే."

"ఏమిటది?"

"దోసకాయ ప్రభూ. పచ్చి రాజద్రోహి. మహారాజంతటి వారు మోకాలి మీద కూర్చుని అడిగినా లొంగలేదు. మొన్న గంగమ్మ వేలు తీసినదీ దీని జాతిదే. ఈ రోజు ఇది దోషి అయితే ఆ రోజూ అదే దోషి. వంటవాళ్లు కారు. శిక్ష వెయ్యండి."

రాజు కాయ వంక చూశాడు. తన వేలి వంక చూసుకున్నాడు. ముందు మీసం కదిలింది, తర్వాత బొజ్జ కదిలింది. ఆపైన పగలబడి నవ్వాడు. రాజు నవ్వాక సభంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా మంత్రి నవ్వాడు.

"వెయ్యండి శిక్ష!" అన్నాడు రాజు కళ్లు తుడుచుకుంటూ.

మాచమ్మ కట్లు విప్పి, ఆమె నూరిన కత్తినే చేతికిచ్చారు. ఆమె వేళ్లు ముడిచి, కాయ మీద కత్తి పెట్టి ఒక్కసారి ముందుకు తోసింది. దోసకాయ చప్పుడు లేకుండా రెండయింది. సభ చప్పట్లు కొట్టింది. నలభై ఏళ్ల అలవాటు కొద్దీ ఆమె చిన్న ముక్క కోసి నాలుక మీద పెట్టుకుని, "చేదు" అని పక్కన పెట్టింది. ఆ గోలలో ఎవరూ వినలేదు.

రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి తిప్పన మెడలో వేశాడు. కత్తులు నూరుకోవచ్చని, తన పేరు ఇకమీదట పిడి మీద మాత్రమే ఉండాలని ఆజ్ఞ ఇచ్చాడు. మొండి కత్తి ప్రమాదమని మహారాజావారు స్వహస్తంతో పరీక్షించి కనిపెట్టారని మంత్రి ఊరూరా చాటింపు వేయించాడు. అందుకు మంత్రికి కొత్త బిరుదొకటి వచ్చింది. గంగమ్మ వేలు సంగతి చాటింపులో లేదు.

ఆ సాయంత్రం తిప్పన హారం తీసుకుని వంటశాలకు వెళ్లాడు. అక్కాచెల్లెళ్లు బట్టలు మూటగట్టుకుంటున్నారు. గంగమ్మకు ఒంటిచేత్తో ముడి పడడం లేదు. మాచమ్మ వేసిపెట్టింది.

"ఎక్కడికి అవ్వా? అంతా చక్కబడింది గదా! ఇదుగో, ఈ హారం నువ్వుంచుకో."

మాచమ్మ హారం వంక చూడలేదు. అతని గడ్డం పట్టుకుంది, చిన్నప్పుడు ముద్ద పెట్టేటప్పుడు పట్టుకున్నట్టు.

"నా చెయ్యి దక్కించావు నాయనా, నూరేళ్లు బతుకు. నిన్నొక్క మాట అడుగుతాను. ఆయనకు నవ్వు రాకపోయుంటే?"

ఎంతటివాళ్ల మధ్యా ఎన్నడూ తడుముకోని తిప్పన, ఆ ముసలమ్మ ముందు తల దించుకున్నాడు.

మాచమ్మ మూట నెత్తిన పెట్టుకుని, చెల్లెలి బాగున్న చెయ్యి పట్టుకుని, కోట గుమ్మం దాటింది. ఆ ఇద్దరూ తర్వాత ఎవరి పొయ్యి దగ్గర బతికారో కొండమేడులో ఎవరూ చెప్పలేదు. తిప్పన మాత్రం చాలా ఏళ్లు కొలువు చేశాడు. రాజు రోజూ నవ్వేవాడు. ఆయన నవ్వడం మొదలుపెట్టేదాకా తిప్పన ఊపిరి బిగపట్టుకుని నిలబడేవాడు.