వరస తప్పిన మాటలు

ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు భుజంగరావు మాస్టారికి లేదు. బొబ్బిలిలో తన ఇంటి కింది గదిలో ఆయన పదిమందికి ప్రోగ్రామింగ్ నేర్పేవారు.

ఒకనాడు మౌక్తిక అనే శిష్యురాలు మందుల షాపు కోసం రాసిన ప్రోగ్రాం చూపించింది. ప్రోగ్రాం పేరు పక్కనే కమాండ్ లైన్లో మందు పేరు, మోతాదు, వేళ టైపు చేస్తే, అది వాటిని విడదీసుకుని చీటీ తయారుచేస్తుంది.

"వాటిలో ఒకటి కొట్టడం మర్చిపోతే?" అన్నారు మాస్టారు.

"మిగిలినవి చూసి తనే ఊహించి పూరిస్తుందండీ. ప్రతిదానికీ ఆగి అడుగుతూ కూచుంటే పని సాగుతుందా? ఊహించడంలో తప్పేముంది మాస్టారూ?"

ఆయన గోడ గడియారం వంక చూశారు. రెండున్నర దాటింది. "పైకి రా అమ్మా, భోంచేద్దాం," అన్నారు.

పైన ఆయన భార్య ఇందుమతి గారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఎనిమిది నెలల క్రితం ఆవిడకు పక్షవాతం వచ్చింది. చేయి కోలుకుంది. మాటలూ తిరిగి వచ్చాయి గానీ, కొన్ని వరస తప్పి వస్తున్నాయి, కొన్ని రావడమే లేదు.

వాళ్ళు కంచాల ముందు కూర్చోగానే ఆవిడ బల్ల మీది మందుల డబ్బా చూపించి, "మాత్ర... తెల్లది... రెండు..." అన్నారు.

మౌక్తిక చటుక్కున లేచింది. రెండు తెల్ల మాత్రలు తీసి, ఆవిడ అరచేతిలో పెట్టి, నీళ్ళ గ్లాసు అందుకుంది.

"ఆగమ్మా," అన్నారు మాస్టారు. వచ్చి భార్య ఎదుట నేల మీద కూర్చున్నారు. "రెండు మాత్రలు కావాలా, ఇందూ?"

ఆవిడ కాదన్నట్టు తల ఊపారు.

"మరి రెండంటే?"

పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఆవిడ కళ్ళు నిండాయి. మాస్టారు ఏ మాటా అందించలేదు. ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నారు. కంచాల్లో అన్నం చల్లారిపోయింది.

చాలాసేపటికి ఆవిడ అన్నారు: "రెండు... గంటలకి... వేసేసుకున్నా."

రోజుకు ఒకటి మించితే ప్రమాదమని డాక్టరు మరీ మరీ హెచ్చరించిన మందు అది. మౌక్తిక గ్లాసు బల్ల మీద పెట్టేసింది. ఇందుమతి గారు ఆ పిల్లను దగ్గరకు పిలిచి, మాత్రలు తిరిగి ఆమె చేతిలోనే పెట్టి, చెంప నిమిరారు. "అన్నం... నువ్వు... తిను."

భోజనమయ్యాక మెట్లు దిగుతూ మౌక్తిక ఆగిపోయింది. "పొరపాటు చేశాను మాస్టారూ. మీకింత ఓపిక ఎక్కడిదండీ?"

ఆయన రెయిలింగ్ పట్టుకుని ఆమె పక్కనే ఆగారు.

"పెళ్ళయిన కొత్తలో నాకు నత్తి ఉండేదమ్మా," అన్నారు. "ఆవిడ ఒక్కసారి కూడా నా మాట తను పూర్తి చెయ్యలేదు."