కడుపులో కాదే ఇసుకా, వీపు మీద!

ఒకప్పుడు గుర్రానికి ముక్కుతో ఊదడం రాదు. మేత కనిపిస్తే చాలు, మూతి నేలకానించి గబగబా లాగించేయడమే. అచ్చం మీలాగే! కోపం వద్దులెండి, నాలాగే కూడా.

వాన మొహం చూడని ఒక ఊళ్లో నింగమ్మవ్వ దగ్గర సోగ అనే గుర్రం ఉండేది. దానికో పిల్ల. పుట్టి మూడు రోజులే. అవ్వ ఉలవలు నేలమీదే పోసేది. చివరి గింజ దాకా వదలని సోగ, ఉలవలతోపాటు ఇసుక కూడా నాకేసేది.

ఒకరోజు సోగ కడుపునొప్పితో కిందపడి గిలగిలా కొట్టుకుంది. పిల్ల పాలకోసం వచ్చి మూతితో పొడిచినా లేవలేకపోయింది.

"ఏమైందే తల్లీ?" అంటూ అవ్వ దాని పొట్టకి చెవి ఆనించింది. లోపల సుయ్... సుయ్... మని చప్పుడు.

"ఎవరే లోపల?"

"నేనే అవ్వా, ఇసుకని."

"ఓసి నీ దుంప తెగ! బయటికి రా!"

"రానంటే రాను. బయట గాలి నన్ను కుదురుగా కూర్చోనిస్తుందా? ఇటు తోస్తుంది, అటు తోస్తుంది. ఇక్కడ వెచ్చగా ఉంది. నన్నింతవరకు ఎవరూ ఎత్తుకోలేదు అవ్వా."

అవ్వ కోపం కాస్తా కరిగిపోయింది.

"నీకు వెచ్చగానే ఉందే పిచ్చిదానా. నీ బరువుకి దీని ప్రాణం పోతోంది. ఆ ఏడుపు విను, పొద్దున్నుంచి పసిదానికి పాలు లేవు."

ఇసుక విన్నది.

"దిగిపోతాను. మరి నన్నెవరు ఎత్తుకుంటారు?"

"సోగే ఎత్తుకుంటుంది. కడుపులో కాదే, వీపు మీద!"

"నిజంగానా?"

"నిజంగానే," అని మూలిగింది సోగ. "ముందు దిగవే తల్లీ!"

అవ్వ నానబెట్టిన అవిసెగింజల జిగురు తాగించింది. బావిగట్టున మొలిచిన పచ్చగడ్డి చేత్తో తినిపించింది. మెల్లమెల్లగా నడిపించింది. ఇసుక సర్రున జారిపోయింది. ఎటునుంచి అని అడక్కండి, లద్దె ఎత్తిన అవ్వకే తెలుసు! సోగ నిలబడింది. పిల్ల పొదుగు కిందికి దూరింది.

మర్నాటినుంచి అవ్వ ఉలవలు తొట్టిలో పోసింది. ఇదంతా విన్న గాలికి సిగ్గేసింది. తనలోంచి చిటికెడు తీసి సోగ ముక్కులో దాచింది.

అప్పటినుంచే గుర్రం మేత ముందు "ఫుర్ర్ర్" మని ఊదుతుంది, ఇక్కడ కాదే ఇసుకా అని. జీను విప్పగానే నేలమీద వెల్లకిలా పడి పొర్లుతుంది, ఇప్పుడెక్కవే అని.