దత్తుపోయిన సర్దారు కొడుకు

రామరామ, ఆనాడు ధర్మసభలో ఎంత విడ్డూరం జరిగిందట!

రైతు పానకాలు పోయి పన్నెండో రోజైనా కాలేదు. సర్దారు కొండలరాయుడు ఒక తాటాకు పత్రం తెచ్చి ధర్మాధికారి ముందు పెట్టాడు.

"పానకాలు పోయేముందు నా కొడుకుని దత్తు తీసుకున్నాడు. ఇల్లూ మాగాణీ ఇక వాడివే" అన్నాడు.

పానకాలు భార్య అచ్చమాంబ ఆ మాట విని లబోదిబోమంది. భర్త మంచం పక్కనుంచి ఒక్క పూటైనా కదలని ఇల్లాలికి తెలియకుండా దత్తత ఏమిటి? కానీ సర్దారుకి ఎదురు చెప్పేదెవరు?

విస్తళ్ళు కుట్టే పోలమ్మ ముందుకొచ్చి దండం పెట్టింది.

"దత్తుపోయిన బిడ్డకి కన్నతండ్రి ఆస్తిలో వాటా ఉంటుందా బాబూ?"

"ఉండదమ్మా. గోత్రంతోపాటు ఆ హక్కూ పోతుంది" అన్నాడు ధర్మాధికారి.

"అయ్యయ్యో! సర్దారుగారికి ఉన్నది ఒక్కడే కొడుకు కదా. మరి వారి వందపుట్ల భూమి వారి తర్వాత ఎవరికి బాబూ?"

"తమ్ముడికి."

ఏడేళ్ళుగా అన్నతో మాటల్లేని ఆ తమ్ముడు లేచి చేతులు జోడించాడు.

"అన్నయ్యా! నా పిల్లల మీద నీకింత ప్రేమ ఉందని తెలీలేదు. ధర్మాధికారిగారూ, ఆ పత్రానికి వెంటనే ముద్ర వేయించండి!"

సర్దారు గభాలున లేచాడు. "ఆగండి! అది చెల్లదు!"

"ఎందుకు చెల్లదు?" అన్నాడు ధర్మాధికారి.

"అది నేనే రాయించాను. పానకాలుకి ఏమీ తెలీదు!"

శివశివా! అచ్చమాంబ తరపున ఒక్క సాక్షీ లేడని అందరూ బెంగపడుతుంటే, ఆ సాక్ష్యం సర్దారే చెప్పాడు.