తిరిగెల్తావని నమ్మకమేటి?

కూర్మయ్య గురువుగారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. అడిగినవాడికి ఏదో ఒక పని అప్పజెబుతారు. పని పూర్తయ్యేసరికి కొందరికి జవాబు దొరుకుతుంది, కొందరికి నడుంనొప్పి దొరుకుతుంది. నాకు ఎక్కువసార్లు దొరికింది రెండోదే.

ఆ కార్తీకమాసపు సాయంత్రం పోలినాయుడు ఆశ్రమం అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. మా చింతలపేటలో మంచి వెల్డరు, గురువుగారికి ఇష్టమైన శిష్యుడు. పై దేశంలో ఓడలు కట్టేచోట అతనికి పని ఖాయమైంది గానీ వీసా రాలేదు.

"వీసా ఆపీసరు పనొచ్చా అని అడగనేదు గురువుగోరూ. ఎందుకొచ్చినావు, ఎన్నాళ్ళుంటావు, నీకు పూచీ ఎవులు, అన్నీ అడిగి, ఆకర్న తిరిగెల్తావని నమ్మకమేటి అన్నాడు. మాయమ్మున్నాది సార్ అన్నాను. తర్జుమా సేసినమ్మ అదే సెప్పింది. ఆయన నా మొకమైనా సూడనేదు. మీ పక్కోళ్ళొస్తే మరెల్లరు అనీసి, కుదరదని ముద్దరేసీసినాడు. ఆళ్ళ గుమ్మం, ఆళ్ళిష్టం, కాదన్ను. కానీ ఇది నాయమా?"

గురువుగారు నోరు తెరిచేలోగా ఊరిపెద్ద సన్యాసినాయుడు హడావిడిగా వచ్చాడు.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. ఏటా ఈ రోజులకి ఎక్కడెక్కడి కొంగలో వచ్చి మా చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. పుట్టింటికి పురిటికొచ్చిన ఆడపడుచులని చెప్పుకుంటాం మేం. వాటికోసం దీపావళికి టపాకాయలు మానేస్తాం, పెళ్ళి డప్పుల్ని ఊరి బయటే ఆపేస్తాం. గూట్లోంచి పిల్ల జారిపడితే తెచ్చి చేపముక్కలు పెట్టి పెంచుతాం. ఆ ఏడు వాటి కాపలా బాధ్యత పోలినాయుడిది.

"పోలినాయుడా, పంచాయితీ పాకలో ఎవులో ఒరిస్సావోళ్ళు దిగినారు. ఇటకబట్టీ నుంచట, మొగుడూ పెళ్ళాం. పొయ్యెలిగిస్తే పొగకి పిట్టలెగిరిపోతాయి. ఎల్లి పంపించీ," అన్నాడు సన్యాసినాయుడు.

"మన పొయ్యిల్లోంచి సాంబ్రాణి పొగ వస్తోందా, సన్యాసినాయుడూ?" అన్నారు గురువుగారు. ఊరిపెద్ద వినిపించుకుంటే కదా!

పోలినాయుడు అప్పటికే లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "నిజవే గురువుగోరూ. ఆళ్ళొస్తే మరెల్లరు."

తన నోట ఏ మాట వచ్చిందో అతనికి తెలియలేదు. నాకు తెలిసింది, నవ్వొచ్చింది కూడా. గురువుగారు నవ్వలేదు, కోప్పడలేదు.

"అలాగే, వెళ్ళి పంపించు. అయితే ఆ ఆఫీసులో నిన్ను అడిగినవన్నీ అడిగి మరీ పంపించు. ఒక్కటీ వదలకు," అన్నారు.

పోలినాయుడి వెంట నేనూ సన్యాసినాయుడూ వెళ్ళేసరికి చినుకులు మొదలయ్యాయి. పాకలో గోడకి చేరగిలబడి ఒక పిల్ల కూర్చుని ఉంది. నెలలు నిండిన మనిషి. పక్కన తడిసిన మూటలతో మొగుడు బిక్కచచ్చి నిలబడ్డాడు. ఆ పాకలోంచి గెంటేస్తే ఆ పిల్ల ఆ వానలో ఏ చెట్టు కిందో కనాలి. పోలినాయుడు అది చూశాడు, చూసి కూడా గొంతు సవరించుకున్నాడు.

"ఎందుకొచ్చినారు?"

"పురిటికి మాయమ్మకాడికి ఎల్తన్నాం బాబూ. బస్సు కుదుపులకి నొప్పులొచ్చేసినాయి." బట్టీల్లో నేర్చుకున్న తెలుగు ఆమెది.

"ఎన్నాళ్ళుంటారు?"

"బిడ్డ పుట్టి, నాను నడిసిందాకా."

"మీకు పూచీ ఎవులు?"

ఆమె మొగుడివైపు చూసింది. అతను నేలవైపు చూశాడు. "ఎవులూ నేరు," అంది.

"మరి తిరిగెల్తారని నమ్మకమేటి?"

అప్పుడే నొప్పి వచ్చినట్టుంది, పళ్ళు బిగబట్టుకుంది. కాసేపటికి తలెత్తి పోలినాయుడి ముఖంలోకి సూటిగా చూసింది.

"మాయమ్మున్నాది."

పోలినాయుడు ఉన్నట్టుండి వెనక్కి తిరిగి వానలో పరుగెత్తాడు. పారిపోయాడనే అనుకున్నాను. నా బుద్ధి అలాంటిది. కాసేపటికి అతని తల్లి గున్నమ్మ పాత చీరలు చంకన పెట్టుకుని వచ్చింది. ఆమె వెనకే నెత్తిన కట్టెలమోపు, చేతిలో నీళ్ళబిందెతో పోలినాయుడు వచ్చాడు.

"మగోళ్ళంతా బయటికి నడవండ్రా!" అని గున్నమ్మ గుమ్మంలోంచే కసిరింది. అందరికంటే ముందు సన్యాసినాయుడే నడిచాడు.

పాకలో పొయ్యి వెలిగింది. తడికట్టెలు కావడంతో పొగ దట్టంగానే లేచింది. చింతచెట్ల మీద ఒక్క పిట్ట కూడా కదల్లేదు.

తెల్లారేసరికి ఆడపిల్ల పుట్టింది. పోలినాయుడు వచ్చి మళ్ళీ అదే అరుగు మీద కూర్చున్నాడు.

"అన్నీ అడిగావా?" అన్నారు గురువుగారు.

"అడిగినాను."

"నమ్మకమేమిటంటే ఏమంది?"

చెప్పాడు. కళ్ళు తుడుచుకుని, రాత్రి పొయ్యి పొగ వల్లే అన్నాడు.

గురువుగారు అతని తల మీద చెయ్యి వేశారు.

"ఆ జవాబులో తప్పేం లేదురా నాయనా. నువ్వు చెప్పిన రోజున కూడా లేదు."